నిటారు కాడ

ఫిబ్రవరిలో, నారిన్ నుంచి పైకి,
కనుమ దారి తెరిచిన మూడోరోజు
తొమ్మిది కంప్యూటర్లని గొర్రెబొచ్చు దుప్పట్లలో చుట్టి
పచ్చి బాలింతని తెచ్చినట్టు తెచ్చాం
తాష్-కెచ్చూ బడికి.
రెండు దారిలోనే చలికి పోయాయి.
మిగిలిన ఏడింటికి
పద్నాలుగుమంది టీచర్లు, ఒక పిడకల పొయ్యి,
ఐదు రోజుల శిక్షణ, నేను.

నాకు ఇరవై నాలుగేళ్ళు. చేతిలో శాఖవారి పుస్తకం:
మొదటిరోజు మౌస్, రెండోరోజు ఫోల్డరు.
భూగోళం మాస్టారు తాబిల్దీకి చూపుడువేలు లేదు,
ఎప్పుడో మందకాపలాలో మంచు తినేసింది.
"ఏ వేలితో నొక్కాలో ఉందా నీ పుస్తకంలో?" అని
ఆయనే నవ్వి, నడిమివేలితో నొక్కి,
అందరికన్నా ముందు ఫైలు తెరిచాడు.
పుస్తకంలో లేదు.
పుస్తకంలో పొయ్యి కూడా లేదు.
మధ్యాహ్నం కరెంటు పోతే ఏం నేర్పాలో
అసలే లేదు.

సుయుంకాన్ ఎజె మాత్రం రెండు రోజులు నోరు విప్పలేదు.
భాష చెప్పే టీచరు, ఇంకో ఏడాదికి రిటైరు.
శాలువా తియ్యకుండా కూర్చుని
పప్పులో రాళ్ళేరినట్టు ఒక్కో మీటనీ వెతికింది.
మూడోరోజు తలెత్తి అడిగింది:
"బాలం, నా అక్షరమేదీ?"

లేదు.
రష్యన్ మీటలవి. మా కిర్గిజ్‌కి సొంతమైన
మూడక్షరాలకి అందులో చోటు లేదు:
నడుముకి దట్టీ కట్టిన సున్న,
కాలికి బుల్లి తోక వేలాడేది,
నిటారు కాడ మీద రెండు కొమ్మలు చాచేది.

"ఉన్" అంటే మాకు పిండి.
నాలుకని కాస్త ముందుకి జరిపి అదే మాట అంటే
గొంతు.
కాగితం మీద తేడా అంతే:
కాడ వంగితే పిండి,
నిలబడితే గొంతు.

ఆమె టైపు చేసిన పాఠం
ప్రింటరు మీంచి వేడివేడిగా దిగింది:
"ప్రతి పిల్లవాడికీ తనదైన పిండి ఉంటుంది.
పిండి ఎత్తి చదవండి.
మీ పిండి వణకనివ్వకండి."
గది గదంతా నవ్వింది.
ఆమె నవ్వలేదు.

"సర్దుకుందాం ఎజె," అన్నాను,
"పిల్లలకి ఎలాగూ అర్థమవుతుంది."

"ముప్ఫై ఆరేళ్ళుగా నేను దిద్దింది ఈ కాడనే.
వంగితే మార్కు కోశాను. ఏడిపించాను.
కొందరి అమ్మల్ని కూడా.
ఇప్పుడు యంత్రం వంచిందని
ఊరుకోమంటావా?"

ఆ సాయంత్రం కరెంటు రాలేదు.
పొయ్యి వెలుతురులో ముప్ఫై ఒక్క కాగితాలు ముందేసుకుని
ఒక్కో కాడనీ పెన్నుతో నిలబెట్టింది.
నేను పిడకలు ఎగదోస్తూ కూర్చున్నాను.
దిద్దిన కాగితం దిద్దినట్టు
సిరా ఆరేదాకా నా ఒళ్ళో పరిచింది.

నారిన్‌కి తిరిగొచ్చాక నెలన్నర పట్టింది.
ఎవరూ వాడని మీటలు మూడు వెతికి
రాత్రుళ్ళు చుక్క పక్కన చుక్క పేర్చి
ఆ అక్షరాలు గీశాను.
ఫ్లాపీని పాలబండి డ్రైవరు చేతిలో పెట్టి,
అయస్కాంతం దగ్గర ఉంచకు బాబూ, సీటు కింద పడెయ్యకు,
అని రెండుసార్లు చెప్పాను.
మూడోసారి చెప్పబోతే బండి కదిలిపోయింది.

మే నెలలో జవాబొచ్చింది. ఒక్క కాగితం, అచ్చులో:
"ప్రతి పిల్లవాడికీ తనదైన గొంతు ఉంటుంది."
కాడ నిలబడే ఉంది.
దాని కిందే ఎర్రసిరా:
తోక పొట్టిగా ఉంది, పొడుగు చెయ్యి.
దట్టీ కట్టేది నడుముకి, మెడకి కాదు.
నాలుగు.

మా బడుల్లో పైమార్కు ఐదు.

తోక పొడుగు చేశాను.
దట్టీ ఒక్క చుక్క దించితే ఎక్కువ దిగుతోంది,
దించకపోతే మెడ మీదే ఉంటోంది.
రాత్రి పన్నెండు దాటింది.
పాలబండి తెల్లారి ఆరింటికి.